పాలవేళ రౌండ్స్ ఆపింది నేను కాదు

తెనాలి ఆసుపత్రిలో నా వీడ్కోలు సభ జరిగినప్పుడు ఒక కుర్ర డాక్టరు మైకు పట్టుకుని, "బాలింతల వార్డులో పాలవేళ రౌండ్స్ ఉండకూడదని మొదట చెప్పింది మా సారే. చనుమొనలు పగిలి పాలు మానేసే తల్లులు మన దగ్గర తగ్గారంటే ఆ పుణ్యం సార్‌దే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడే లేచి అది నిజం కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. శాలువా కప్పించుకున్నాను, పళ్లబుట్ట పట్టుకుని ఫోటోకి నిలబడ్డాను.

పిల్లల డాక్టరుగా రేపల్లెలో, బాపట్లలో, చివరికి తెనాలిలో ముప్పై ఏళ్లకు దగ్గరగా పనిచేశాను. నడుం సహకరించక యాభై ఎనిమిదో ఏటనే విరమణ తీసుకున్నాను. ఇప్పుడు తీరిక ఉంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పదగ్గ అనుభవాలు కొన్ని ఉన్నాయి. ఆ సభలో మింగేసిన మాటతోనే మొదలుపెట్టాలి. ఆ పుణ్యం నాది కాదు. కర్లపాలెం నుంచి రోజూ బస్సులో బాపట్లకు డ్యూటీకి వచ్చిన సువార్త అనే నర్సుది. ఆమెకు నేను చేసిన ఉపకారం ఒక మెమో.

రేపల్లెలో నేర్చుకున్న దగ్గు

నా మొదటి ఉద్యోగం రేపల్లెలో. అక్కడి పెద్ద డాక్టరు గారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మాట తక్కువ. మొదటి రోజు నేను గబగబా బాలింతల వార్డులోకి వెళ్లబోతుంటే భుజం పట్టుకుని ఆపారు.

"ఏంటయ్యా ఆ పరుగు? అది నీకు వార్డు. వాళ్లకి పడగ్గది. గుమ్మంలో ఆగి దగ్గు. ఆయా లోపలికెళ్లి చెప్తుంది. వాళ్లు సర్దుకున్నాకే కాలు లోపల పెట్టు."

ఆడవాళ్ల ముందు ఎలా మసలుకోవాలో కాలేజీలో ఎవరూ నేర్పలేదు. ఆయన నేర్పారు. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ ఆయనకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ముప్పై ఏళ్లలో ఏ వార్డు గుమ్మంలోనూ దగ్గకుండా లోపలికి వెళ్లలేదు.

ఆయన రెండో నియమం శుభ్రత. బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ చనుమొన సబ్బుతో కడగాలి, స్పిరిట్ దూదితో తుడవాలి. ప్రతి మంచం దగ్గరా ఒక గిన్నెలో ఆ దూది ఉండేది. మురికి వల్ల పసిబిడ్డలు పోవడం ఆయన కళ్లారా చూశారు. అందుకే అంత పట్టుదల. నేను ఆ రెండు నియమాలనూ ఉన్నవి ఉన్నట్టు బాపట్లకు మోసుకెళ్లాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. అప్పటికి పిల్లల డాక్టరునై ఎనిమిదేళ్లు. వేల మంది పిల్లల గొంతులు చూశాను, చెవులు చూశాను, బొడ్డు చూశాను. ఒక బిడ్డ తల్లి దగ్గర పాలు తాగడం మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా చూడలేదు. నేను వెళ్లేసరికి అందరూ కొంగులు కప్పుకుని ఉండేవాళ్లు. తల్లిని అడగాల్సిన ప్రశ్న కూడా ఆమె తల్లిని అడిగేవాణ్ణి. "పాలు సరిపోతున్నాయా?" "సరిపోతున్నాయండి." అక్కడితో ఆ విషయం అయిపోయేది. అది మర్యాద అనుకున్నాను.

నాగమణి

బాపట్లలో నా వార్డులో నాగమణి అనే అమ్మాయి ఉండేది. నిజాంపట్నం పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో. తొలి కాన్పు, మగబిడ్డ. తోడుగా ఆమె తల్లి పోలమ్మ వచ్చింది. చేపలు ఎండబెట్టే దిబ్బల మీద పనిచేసే మనిషి, చేతుల నిండా ఉప్పు కోసిన గీతలు.

మూడో రోజు రౌండ్స్‌లో పోలమ్మ నన్ను ఆపింది.

"బాబూ, పిల్లకి ముచ్చికలు పగిలినయి. నెత్తురు కూడా వస్తంది. బిడ్డని దగ్గరికి తీస్తేనే ఏడుస్తంది."

నాగమణి మొహం గోడవైపు తిప్పుకుంది. నేను ఆమెను చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. మూడు మందులు కలిపిన ఆయింట్‌మెంటు ట్యూబు రాశాను. రెండు రోజులు పాలు ఆపి డబ్బాపాలు పట్టమన్నాను. స్పిరిట్ దూది మానవద్దని కూడా హెచ్చరించాను.

వెనక నుంచి సువార్త సిస్టర్ అంది: "సార్, బిడ్డ రొమ్ము ఎలా పట్టుకుంటున్నాడో ఒకసారి చూస్తే..."

"మందు రాశాను కదా సిస్టర్" అన్నాను.

సువార్త నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. నా ఎదురుగా గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. అదే రోజు మధ్యాహ్నం వార్డులోకి వెళ్తే ట్యూబు మూత తియ్యకుండా బల్ల మీద ఉంది. సువార్త ఆ మంచం మీద కూర్చుని నాగమణి వీపు వెనక దిండు సర్దుతోంది.

"మందు ఎందుకు పూయలేదు?" అన్నాను.

"నేనే ఆగమన్నాను సార్. ముందు బిడ్డ పట్టు సరిచేద్దామని. పట్టు కుదిరితే మందు అక్కర్లేకపోవచ్చండి."

వార్డు మొత్తం వింటోంది. నాకు పట్టు గురించి వినపడలేదు. అందరి ముందూ నా మాట కాదన్నదన్న సంగతి ఒక్కటే వినపడింది. గదిలోకి వెళ్లి మెమో రాశాను. 'వైద్యుని ఆదేశాన్ని ధిక్కరించి, తన విధులకు మించి ప్రవర్తించినందుకు సంజాయిషీ ఇవ్వవలసినది.' మరుసటి రోజు నుంచి ఆమెను ఇంజెక్షన్ గదికి మార్పించాను. నాగమణి ట్యూబుతో, పాలడబ్బాతో ఇంటికి వెళ్లిపోయింది.

పోలమ్మ అడిగిన ప్రశ్న

బిడ్డకు పన్నెండో రోజున వాళ్లు మళ్లీ వచ్చారు. విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలున్న బిడ్డ రెండు కిలోల మూడు వందలకు వచ్చాడు. నాగమణికి పాలు దాదాపు ఎండిపోయాయి. పగుళ్లు మానలేదు సరికదా, ట్యూబు మందు తగిలినంత మేరా చర్మం ఎర్రగా కమిలి పొలుసులు లేస్తోంది. దురదతో రాత్రుళ్లు నిద్ర లేదంది. ఈసారి చూశాను. ఆ గుండ్రటి ఎర్రటి మచ్చ అంచు నా చీటీ గీసిన గీతలాగా ఉంది.

పోలమ్మ నా ఎదురుగా నిలబడింది. అరవలేదు.

"మందన్నావు, పుండు పెరిగింది. డబ్బా అన్నావు, బిడ్డ తరిగాడు. ఇంకా ఏం ఉంది బాబూ నీ దగ్గర?"

విరేచనాలకు ఏం చేయాలో నాకు తెలుసు. సెలైను పెట్టాం, నీరసం తగ్గింది. ఆ తర్వాత ఆ బిడ్డకు ఏం తాగించాలో నాకు తెలియలేదు. డబ్బా త్వరగా అయిపోతుందని నీళ్లు ఎక్కువ కలుపుతున్నారని, ఆ నీళ్లు కాచడం లేదని అడిగితే తెలిసింది. అదే పాలతో ఇంటికి పంపితే మళ్లీ వస్తాడు, లేదా రాడు. వాడు మళ్లీ తల్లి దగ్గర పాలు తాగితేనే బతుకుతాడు. ఎలా పట్టించాలో తెలిసిన మనిషిని నేను ఇంజెక్షన్ గదిలో కూర్చోబెట్టాను.

వెళ్లాను. సువార్త ఒక ముసలాయన చేతికి దూది అద్దుతోంది.

"సిస్టర్, ఒకసారి వార్డుకి రావాలి."

తలెత్తకుండా, "అది నా విధుల్లోకి వస్తుందా సార్?" అంది.

ముసలాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె ఆయనతో "దూది గట్టిగా పట్టుకోండి తాతా" అని, చేతులు కడుక్కుని నా ముందు నడిచింది.

కూర్చుని చూడటం

వార్డులో ఆమె చేసిన మొదటి పని నాకు స్టూలు వేయడం. రెండోది నాగమణిని అడగడం.

"అమ్మా, సార్ ఇక్కడ కూర్చుని బిడ్డ ఎలా తాగుతాడో చూస్తారు. నీకు ఇష్టమేనా? వద్దంటే పంపించేస్తాను."

నాగమణి తల్లి వంక చూసింది. పోలమ్మ అంది: "చూడనియ్యవే. మావోళ్లు వల అల్లేవాణ్ణి ఏడాది చూసి అప్పుడు దారం పట్టుకుంటారు. ఈ బాబు ఏం చూడకుండానే డాక్టరయ్యాడు."

పక్క మంచం ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కూర్చున్నాను.

నాగమణి వంగి కూర్చుని రొమ్మును బిడ్డ నోటి దగ్గరకు తీసుకెళ్తోంది. సువార్త ఆమెను వెనక్కి ఆనించి, ఒడిలో దుప్పటి మడతపెట్టి బిడ్డను ఎత్తుకు తెచ్చింది. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనేలా పక్కకు తిప్పింది. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉంది. చనుమొనతో వాడి పై పెదవిని రాసి ఆగింది.

"తొందరపడకమ్మా. ఆవులించినంత తెరవాలి. అప్పుడు బిడ్డని నీ దగ్గరికి తీసుకో. నువ్వు వాడి దగ్గరికి వంగకు."

మొదటిసారి వాడు సగమే తెరిచాడు. చనుమొన కొస మాత్రమే పట్టాడు. నాగమణి మంచం ఇనుప కడ్డీని పట్టుకుని పళ్లు బిగించింది. సువార్త తన చిటికెన వేలు బిడ్డ నోటి మూలలోంచి మెల్లగా లోపలికి పోనిచ్చి పట్టు వదిలించింది. మళ్లీ ప్రయత్నించింది. నాలుగోసారి వాడు నోరు బాగా తెరిచాడు. గడ్డం రొమ్ములోకి ఆనింది, కింది పెదవి బయటికి మడతపడింది, చనుమొన చుట్టూ ఉన్న నలుపులో చాలా భాగం వాడి నోట్లోకి వెళ్లింది.

నాగమణి చెయ్యి కడ్డీ మీదే ఉంది. కాసేపటికి వేళ్లు సడలాయి.

"ఎలా ఉంది?" అంది సువార్త.

"మండుతుందక్కా. కానీ కోసినట్టు లేదు."

పాలు సరిగా లేక బిడ్డ విసుక్కుంటుంటే, రెండో వైపు నుంచి ఉగ్గుగిన్నెలోకి నాలుగు చుక్కలు పిండించి నోటి మూలన వదిలింది. వాడు మళ్లీ చప్పరించడం మొదలుపెట్టాడు.

అప్పుడే గుమ్మంలో ఎవరో దగ్గారు. కాన్పుల డాక్టరు గారి రౌండ్స్. ఆయా కేకేసింది: "సార్లొస్తన్నారు, సర్దుకోండమ్మా!"

ఎనిమిదేళ్లుగా ఆ కేక గుమ్మం బయట నిలబడి విన్నాను. లోపల కూర్చుని వినడం అదే మొదలు. వార్డులో పాలు తాగుతున్న బిడ్డలందర్నీ తల్లులు ఒక్కసారిగా లాగేశారు. ఆ మంచం మీద ఒకామె పెదవి కొరుక్కుంది. ఈ మంచం మీద ఇంకొకామె కళ్లు మూసుకుంది. పసిబిడ్డ పట్టు ఎంత గట్టిదో తెలిసినవాళ్లకు ఆ లాగుడంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నాగమణి కూడా లాగబోతుంటే సువార్త చెయ్యి పట్టుకుని ఆపి, ఇద్దరి మీదా తువ్వాలు కప్పింది.

"అదుగో సార్" అంది నాతో, గొంతు తగ్గించి. "రోజుకి రెండు మూడుసార్లు. సబ్బు చర్మాన్ని ఎండబెడుతుంది, స్పిరిట్ మండిస్తుంది, మన రౌండ్స్ చీల్చేస్తాయి. తర్వాత మనమే ట్యూబు రాస్తాం."

నేను ఆయా వంక చూశాను. ఆ కేక ఆమెకు నేర్పింది నా దగ్గే.

తర్వాత పన్నెండు రోజులు

సబ్బు, స్పిరిట్, ట్యూబు అన్నీ ఆపేశాం. రోజుకు ఒకసారి స్నానంలో మామూలు నీళ్లు. పాలిచ్చాక రెండు చుక్కల సొంత పాలు చనుమొన మీద రాసి ఆరనివ్వడం. తడిసిన గుడ్డ వెంటనే మార్చడం. కమిలిన చర్మం నాలుగైదు రోజుల్లో నెమ్మదించింది. రెండు గంటలకోసారి బిడ్డను పట్టించడం, మిగతాది ఉగ్గుగిన్నెతో. పాలు మెల్లగా తిరిగొచ్చాయి. ఆరో రోజున బిడ్డ ఎనభై గ్రాములు పెరిగాడు. పోలమ్మ తూకం ముల్లును వంగి చూసి, "ఇప్పుడు నీ దగ్గర ఏదో ఉంది బాబూ" అంది. ఆ మాటను నేనే తీసుకున్నాను, పక్కనే ఉన్న సువార్తకు ఇవ్వలేదు.

తొమ్మిదో రోజున నొప్పి మళ్లీ వచ్చింది. పట్టు బాగానే ఉంది, అయినా పాలిచ్చాక చాలాసేపు నిప్పు పెట్టినట్టు మంట, దురద. చనుమొన గులాబీ రంగులో మెరుస్తోంది. మళ్లీ పట్టు సరిచెయ్యాలన్నాను, కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో. సువార్త బిడ్డ నోరు తెరిచి చూపించింది. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత, తుడిస్తే పోవడం లేదు. ఆ నోటిపూతకు పిల్లల నోట్లో వేసే చుక్కల మందు అప్పటికి వందలసార్లు రాసి ఉంటాను. తల్లికి కూడా అదే పట్టి ఉంటుందని, ఇద్దరికీ ఒకేసారి మందు వాడకపోతే ఒకరి నుంచి ఇంకొకరికి తిరుగుతూనే ఉంటుందని తట్టలేదు. తల్లి నా పేషెంటు కాదుగా. సువార్త చెప్పాకే ఇద్దరికీ మందు రాశాను.

మా వృత్తిలో ఉన్న లోపం అక్కడే ఉంది. నేను బిడ్డకు డాక్టరుని, కాన్పు చేసినవారు గర్భసంచికి. చనుమొన ఎవరి డిపార్టుమెంటూ కాదు. ఆ మధ్య ఖాళీలో నిలబడి పనిచేసింది నర్సులూ ఆయాలే.

బిడ్డ రెండు కిలోల ఆరు వందలతో, తల్లి పాలు ఒక్కటే తాగుతూ ఇంటికెళ్లాడు. ఆ నెలలోనే బాలింతల వార్డు గుమ్మం మీద అట్ట కట్టించాం. పాలిచ్చే తల్లి ఉంటే ఆమె మంచం దగ్గరకు చివర వెళ్లాలి, ఎవర్నీ సర్దుకోమనకూడదు. ప్రతి మంచానికీ తెర. దగ్గు మాత్రం ఉంచాం. పెద్ద డాక్టరు గారి మర్యాద తప్పు కాదు, ఆ మర్యాదకు తోడు ఒక తెర కావాల్సింది, అంతే.

నా తప్పు

తర్వాత ఒక సమావేశంలో బాపట్ల వార్డు గురించి మాట్లాడమన్నారు. 'మేం గమనించింది' అని మొదలుపెట్టాను. రెండు నిమిషాలకు అది 'నేను గమనించింది' అయింది. దిద్దుకోలేదు. సువార్తను నోటిమాటతో వార్డుకి తిరిగి తెచ్చాను గానీ, మెమోను కాగితం మీద వెనక్కి తీసుకోలేదు. రేపు చేద్దామనుకున్నాను. తెనాలికి బదిలీ అయింది. అక్కడ కూడా అట్ట కట్టించాను, ఈసారి కింద నా పేరుతో.

ఆమె ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడాన్ని నాకు అనుకూలంగా అర్థం చేసుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకి

తల్లి నొప్పి అంటే ముందు స్టూలు వేసుకోండి. ఆమెను అడిగి, ఒప్పుకుంటే, ఒక్కసారి బిడ్డ పాలు తాగడం మొత్తం చూడండి. మగ డాక్టరు చూడటం ఇష్టం లేకపోతే సిస్టర్ని చూడమనండి, ఆమె చెప్పింది వినండి. చాలాసార్లు మందు చీటీ అక్కర్లేదు. పట్టు బాగున్నా మంట పోకపోతే బిడ్డ నోరు చూడండి. కొత్త సబ్బు, బామ్, పసుపు, ఎవరో ఇచ్చిన ట్యూబు, ఏం రాస్తున్నారో అడగండి. రొమ్ము గట్టిపడి, ఎర్రగా వేడిగా ఉండి జ్వరం వస్తే వెంటనే వైద్యం చేయండి, పాలు మాత్రం ఆపమనకండి. ఒక్క వైపే పొలుసులు లేచి వారాల తరబడి మానకపోతే, పాల వల్లేలే అని సరిపెట్టకుండా పరీక్షకు పంపండి. ఓర్చుకో అమ్మా, అందరికీ ఉండేదే అని మాత్రం అనకండి. ఆ మాట చాలామంది తల్లులకు చెప్పాను. వాళ్లలో ఎంతమంది ఇంటికెళ్లి పాలు మానేశారో నాకు తెలియదు.

కర్లపాలెం

వీడ్కోలు సభ అయిన నెలకు కర్లపాలెం వెళ్లాను. సువార్త రిటైరై కొన్నేళ్లయింది. అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. టీ ఇచ్చింది. సభలో జరిగింది చెప్పాను. అట్ట మీది పేరు గురించి, సమావేశం గురించి చెప్పాను. చివరికి, "మెమో రాయకుండా ఉండాల్సింది సిస్టర్. తప్పు నాది. అప్పుడే వెనక్కి తీసుకోవాల్సింది" అన్నాను.

"ఇన్నేళ్లూ ఆ బరువు మోశారా సార్?" అంది. "నేను మొయ్యలేదండి. నాకు అంత తీరికేదీ?"

లోపలికి వెళ్లి బైబిలు తెచ్చి అందులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. నా సంతకం దూరం నుంచే గుర్తుపట్టాను. ఇవ్వండి, దీని మీద రద్దు అని రాసి సంతకం పెడతానన్నాను.

"వద్దు సార్. రద్దు చేస్తే వెనక రాసింది కూడా పోతుంది."

కాగితం తిప్పింది. వెనక వైపు పెన్సిలు అంకెలు, పైనుంచి కిందికి. నాగమణి బిడ్డ బరువులు, పన్నెండు రోజులవి. ఆ రోజు ఇంజెక్షన్ గదిలోంచి నా వెనక వచ్చేటప్పుడు ఆమె జేబులో ఉన్న కాగితం అదొక్కటేనట.

మొదటి అంకె రెండు కిలోల మూడు వందలు. దాని పక్కన, చిన్న అక్షరాలతో, ఒకే వాక్యం రాసి ఉంది.

'ఈరోజు సార్ కూర్చుని చూశారు.'